నమూనా లేని కాగితం

రాజోలు సబ్ రిజిస్ట్రారాఫీసు ఎదుట వరండాలో
నా బల్లకి మూడు కాళ్లు, నాలుగోది ఇటుక.
దానిమీదే అమ్మకాలు, వీలునామాలు,
మాటలు మానేసిన అన్నదమ్ముల పంపకాలు.
పెళ్లికి ముందు కాగితం మాత్రం
ముప్పై ఏళ్లలో ఎవరూ అడగలేదు.

నూకరత్నం అడిగింది.
గోళ్ల కింద కూడా పీచు దుమ్ము.
పక్కన తాతాజీ, పంటు దిగి,
తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని.
వచ్చే బుధవారం పెళ్లి. ఇద్దరికీ రెండోదే.

"రాయండి రైటరు గారూ.
ముప్పై ఎనిమిది సెంట్ల కొబ్బరితోట నాది.
పీచు షెడ్డు, తాడు పేనే మిషన్లు రెండు, నావి.
డ్వాక్రా పాసుబుక్కులో ఉన్నది నాది.
ఆరు కాసుల బంగారం. పుస్తెలు అందులో కలపకండి."

ముందాయన బతికుండగా
రొయ్యల చెరువుకి తెచ్చిన అప్పు కింద
మేతకొట్టువాడొచ్చి మొదటి మిషను ఎత్తుకెళ్లాడట.
అప్పటికి బెల్టు ఇంకా తిరుగుతూనే ఉందట.
చెబుతుంటే ఆవిడ గొంతు మారలేదు.
వేళ్లు మాత్రం కొంగుని తాడులా పేనుతున్నాయి.

తాతాజీ వంతు.
"లంకలో రెండెకరాలు. నాటు పడవ.
మొదటామెకి పుట్టిన పిల్ల, ఇంటరు.
పిల్లని ఆస్తిలో రాయాలాండీ?
అప్పు నాలుగు లక్షల పదివేలు.
అది నాదేనని గట్టిగా రాయండి, ఈవిడకి అంటకూడదు."

హద్దులు చెప్పమన్నాను.
తూర్పు: బొంతు వారి అరటితోట.
దక్షిణం: పుంత.
ఉత్తరం: నేలపూడి వారి మెరక.
పడమర దగ్గర ఆగిపోయాడు.

"పడమర ఏరండి.
మా నాన్న నాటికి మూడెకరాలు.
పోయినేడు వరదకి పదకొండు చెట్లు
నిలబడ్డవి నిలబడ్డట్టే జారిపోయాయి.
రెండని రాయమన్నాను గానీ
బుధవారానికి ఎంతుంటుందో."

ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఇచ్చారని
టీ కొట్టులో ఎవరి ఫోనో అరుస్తోంది.

నూకరత్నం కాసేపు లెక్క చూసుకుంది.
"ఏరు తిన్నది ఎవరి ఖాతాలోనూ వేయకండి.
ఏరు కొత్తగా మేట వేస్తే మాత్రం
అది పెళ్లయ్యాక వచ్చింది కాబట్టి
చెరి సగం."

తాతాజీ అప్పుడు చెప్పులు కింద పెట్టాడు.

నిజం చెప్పడం నా పని.
"అమ్మా, ఈ కాగితం రేపు కోర్టులో నిలుస్తుందని
నేను హామీ ఇవ్వలేను. ప్లీడరు గారిని అడగండి."
"అడిగాను. ఆయనా అదే అన్నాడు.
నిలవకపోతే మానె.
ఇవన్నీ పైకి చదువుతుంటే
ఈయన మొహం ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాను."

చదివాను, పైకే.
ఎవరి బలవంతమూ లేకుండా, మనఃపూర్వకముగా, అన్నచోట
ఎవరూ అడక్కుండానే
"ఆయ్" అన్నాడు తాతాజీ.
ఆవిడ నా కాగితం వంక చూడనే లేదు.

సాక్షులు: టీ కొట్టు దావీదు,
పంటు మీద టిక్కెట్లు కోసే అబ్బులు.
రాతకూలి చెరి సగం ఇచ్చారు.

సాయంత్రం
వంద రూపాయల స్టాంపు కాగితం ఒకటి
నా డబ్బుతో నేనే కొన్నాను.

మా ఇల్లు నా పేరున ఉంది.
పునాదిలో మా ఆవిడ నాలుగు పేటల గొలుసుంది.
శ్లాబులో ఆవిడ ఇరవై రెండేళ్ల లేసు అల్లిక ఉంది.
ఏ షెడ్యూలులోనూ లేవు.

కరెంటు పోయాక, ఛార్జింగ్ లైటు పెట్టుకుని రాశాను.
ఇంటిలో మూడో వంతు, అని రాశాను.
వానకి వీధి గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను చాలాసేపు.
మూడో వంతు కొట్టేసి సగం అని రాశాను.

ఆవిడ ముందు పెట్టి
పార్టీలు కూర్చునే వైపు కూర్చున్నాను,
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వేలు పెట్టి వరుస వరుసా చదివింది.
ఆ గీత దగ్గర వేలు ఆగింది.
"ఇక్కడ ముందేం రాశారు?"

వాన.

"కొట్టివేతలున్న కాగితం మంచిది కాదని
ఊరందరికీ మీరేగా చెబుతారు," అంది,
దాన్ని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా కింద దాస్తూ.
"స్టాంపుల కొట్టు తొమ్మిదింటికి తెరుస్తారు.
కొత్తది తెండి."