మూడు వేళ్ళు

చాదర్‌ఘాట్‌ల సైకిల్ రిమ్ముల దుకాణం మీద మేడ.
ఫ్లెక్సీ వద్దన్నది డాక్టర్ సబీహా,
రెండు ఎండాకాలాలకే మొహం తెల్లబోతదట.
అట్ల దొరికింది నాకు,
ఏడు నెలల తర్వాత ఒక రేకు బోర్డు,
మూడు లిపుల్లో.

రాసేటోడికి అర్థంతో పనేంది అనేటోడు మా ఉస్తాద్.
కాని నిచ్చెన ఎక్కినోడి నోరు
ఊకె ఉండదు గద.
"రూట్ కెనాల్ అంటే ఏం కాలువ మేడం,
మూసీల కలుస్తదా?"

నవ్వింది. నిచ్చెన పట్టుకొని కిందికెల్లి చెప్పింది:
పన్నుకు వేరుంటది,
వేరు లోపల దారం పట్టేంత దారి,
ఆ దారిల నరం.
పుచ్చు ఆడిదాక దిగిందా, రాత్రి నీది కాదు.
నరం తీసి, దారి కడిగి, మూసేస్తం.
పన్ను ఉంటది, సలుపు పోతది.
"అంటే సచ్చిన పన్నే గద?"
"నమిలితే చాలదా?" అన్నది.
నేను రూ దీర్ఘాన్ని
వేరు లెక్క కొంచెం కిందికి గుంజిన.

క్రౌన్ అంటే కిరీటమని నాకూ తెలుసు.
పుచ్చిపోయినంక పట్టాభిషేకం ఏందని అడిగిన.
నరం తీసిన పన్ను ఎండుకట్టె,
పగలకుండ తొడుగు, అంతే.

స్కేలింగ్ చేస్తే పళ్ళు ఊగుతయంటరు మా గల్లీల.
ఆమె అన్నది: గార ముదిరి చిగురు జారినంక
ఊగే పన్నును
గారే పట్టుకున్నట్టు కనబడతది.
ఈ ముక్క నాకు చెప్పాల్సిన పని లేదు.
తుప్పు గీకకుండ రంగు పూసిన రేకులు
ఎన్ని చూడలే నేను,
పొక్కు కింద పొక్కు.

జ్ఞానదంతం, ఉర్దూల అకల్ దాఢ్.
ఆలస్యంగ వస్తది, చోటు లేక అడ్డం పడుకుంటది,
పక్కోణ్ణి నెడతది.
మా బావమరిది, అన్న.
కింద దుకాణంల రిమ్ము తిప్పే పిలగాడు సుత
పడి పడి నవ్విండు.

మధ్యల ఒకామె మెట్లెక్కింది,
దవడల లవంగం దూది, కొంగు బుగ్గకు.
పురుగు పట్టింది బిడ్డా, పొగ ఏపిస్త అంటున్నరు.
పురుగు ఉండదమ్మా, తీపి తిని పులిసే క్రిములు,
కంటికి కనబడయి.
కనబడని దాన్ని ఎట్ల నమ్మాలె అన్నట్టు
ఆమె నా దిక్కు చూసింది.
నేను డబ్బాల కుంచె కలుపుకుంట కూసున్న.

మూడో రోజు, నీడలు దిద్దుతున్న,
సన్న కుంచె పళ్ళ నడుమ కరిచిపట్టి.
"విఠల్, దిగు," అన్నది.
"నోరు తెరువు."
తెరిచిన.
"పూర్తిగ."
ఇదే పూర్తి.
"మూడు వేళ్ళు నిలువుగ పెట్టు."
కుంచె పట్టే మూడు వేళ్ళు అవి.
రెండు పోయినయి, గోళ్ళు గీసుకుంట.
మూడోది పెదవి కాడ నిలబడ్డది.

పచ్చి మిరపకాయ ఎప్పటి నుంచి మండుతున్నదని అడిగింది.
చారు సుత మండుతదని నేను చెప్పలే.
సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అన్నది.
బుగ్గ లోపలి తోలు కింద
వక్క రసానికి తాళ్ళు అల్లుకుంటయట,
తాళ్ళు బిగిస్తే తలుపు తెరుచుకోదట.
"ఈ మాట బోర్డు మీద లేదు గద మేడం?"
"దీనికి బోర్డు చూసి ఎవ్వరూ రారు."

అప్పుడు యాదికొచ్చినయి
మలక్‌పేట నుంచి నల్గొండ చౌరస్తా దాక
పాన్ డబ్బాలకు నేను రాసిన పేర్లు,
ఎర్ర అక్షరానికి పసుపు నీడ.
సగం కూలి పైసలు,
సగం పొట్లాలు.

ఇయాల్టి నుంచి బంద్, అన్నది.
బుధవారం రా, చిన్న ముక్క తీసి
పరీక్షకు పంపిస్తం.
ప్రతి మాటకు అర్థం అడిగినోణ్ణి,
ఆ పరీక్ష దేనికని అడగలే.

బోర్డు మూలకు నా పేరు రాయలే ఇంక.
నిచ్చెన భుజానేసుకొని వంతెన మీదికొచ్చిన.
జేబుల పొట్లం
నడిచినప్పుడల్లా చప్పుడైతున్నది.