గడువున్న నిప్పు

వెండెల్ బాచీ చొక్కా వేసుకుని రాలేదు.
నవంబరు చలిలో, సెగెద్ ట్రాములో,
కోటు ఒక్క భుజానికే తగిలించుకుని
ఎడమ పక్కటెముకల్ని గాలికి వదిలేసి వచ్చాడు.
సర్పి మానిపోయి ఏడాది దాటింది.
"పొక్కులు పోయాయి, నిప్పు ఉండిపోయింది" అన్నాడు.

ముందు పటం గీయాలి.
పెన్ను పట్టుకుని వేలి కొసతో అడుగుతూ పోయాను.
ఇక్కడ? లేదు. ఇక్కడ? ఊపిరి బిగబట్టాడు.
చుక్క. మళ్ళీ చుక్క.
చుక్కలు కలిపితే వెన్ను నుంచి రొమ్ము దాకా
టిసా నది వంపులాంటి ఒడ్డు తేలింది.
నలభై ఏళ్ళు ఆ నదిలో వల విసిరినవాడు
అద్దంలో చూసుకుని
"ఇంతేనా? రాజ్యమంత ఉందనుకున్నాను" అన్నాడు.

పట్టీలో ఉన్నది మిరప ఘాటేనని చెప్పగానే
నవ్వబోయి ఆగాడు. నవ్వినా నొప్పే.
చేపల పులుసులో పిడికెడు ఎర్రపొడి వేసే మనిషి.
వేసవిలో సొంత వైద్యం ఒకటి చేసుకున్నాడట:
ఎండు మిరప పండ్లసారాలో నానేసి, రుద్దుకుని,
ఆ చేత్తోనే కన్ను నలుపుకుని
రాత్రంతా పెరట్లో, బకెట్టులో తల.
చెబుతూ సిగ్గుపడ్డాడు.
ముల్లుని ముల్లుతో తీయొచ్చు గానీ బాచీ,
పట్టుకున్న చెయ్యి వణక్కూడదు.

అందుకే ఈ నైట్రైల్ తొడుగులు.
మామూలు రబ్బరువైతే ఘాటు లోపలికి దూరుతుంది,
ఉద్యోగంలో చేరిన ఏడాది
నా పది వేళ్ళూ ఆ పాఠం చదువుకున్నాయి.
కళ్ళద్దాలు. మాస్కు. తెరిచిన కిటికీ.
గీత గానీ పుండు గానీ లేదని దీపం కింద చూసుకుని,
పటం ప్రకారం కత్తిరించి, అతికించాను.
గడియారంలో పదీ ఇరవై.

పావుగంటకి మొదలైంది.
మాట తగ్గింది. రక్తపోటు పెరిగింది, రాసుకున్నాను.
గుడ్డలో చుట్టిన ఐస్ సంచి పైన పెట్టాను.
"తీసెయ్యనా?"
తల అడ్డంగా ఊపాడు.
"ఇది వేరే నిప్పు. దీనికి గడువుంది."

లోపల ఏం జరుగుతోందో నేను చూడలేను.
చదువుకున్నది మాత్రం ఇది:
అరిచి అరిచి నరాల కొసలు గొంతు పోగొట్టుకుంటాయి,
కొన్నాళ్ళు వెనక్కి ముడుచుకుంటాయి,
మళ్ళీ మొలుస్తాయి.
కొందరికి ఏ తేడా ఉండదు.
అదీ ముందే చెప్పాను.

పదకొండూ ఇరవై.
పట్టీని లోపలికి చుట్టుకుంటూ,
నిద్రపోయిన బిడ్డ తల కింద నుంచి
చెయ్యి లాక్కున్నంత నెమ్మదిగా తీశాను.
జెల్ పూసి, తుడిచాను.
కొన్నాళ్ళు వేడినీళ్ళ స్నానం వద్దు, ఎండ వద్దు.
"పులుసు?"
పులుసు తినొచ్చు.

రెండు రోజులు నన్ను తిట్టుకున్నాడట.
మూడో వారంలో ఫోన్ చేశాడు.
నయమైందని అనలేదు.
"నిన్న ఒడ్డున గాలి వీచింది.
పాత గళ్ళ చొక్కా వొంటికి తగిలింది.
చొక్కాలాగే తగిలింది" అన్నాడు.
ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
వెనక కుండలో ఏదో ఉడుకుతున్న చప్పుడు.