కీచు

ఎత్తి, కాస్త మనవైపు లాగి,
అప్పుడు తోయాలి.
కొత్తగా ఎక్కేవాళ్ళకి ముందు ఇదే పాఠం.
ఎనభై ఆరు నాటి రెనో వ్యాను.
నాకంటే ముందు ఊరూరా రొట్టెలు మోసింది.
ఎండ ఏటవాలుగా పడితే
తెల్లరంగు కింద బేకరీ పేరు
ఇంకా మూడక్షరాలు కనబడతాయి.

పదకొండేళ్ళు ఎత్తి తోశాను.
నా కుడి భుజం అరిగింది,
తలుపు వెనక మూల రెండు వేళ్ళు కుంగింది.
మొన్న క్రోజోన్ మలుపులో
దానంతటదే తెరుచుకుని
ఒక మడతకుర్చీని, సగం ఉల్లిపాయల జడని
రోడ్డుపాలు చేసింది.

పడవల రేవులో పని మానేసిన
ఎదురింటి గోనెరిని పిలిచాను.
ఆయన తలుపుకేసి చూడనైనా లేదు.
కళ్ళు మూసుకుని, "ఒకసారి వెయ్యి" అన్నాడు.
వేశాను.
వీధి చివర పిల్లులు లేచాయి.
"మధ్య రోలరు" అన్నాడు.

పట్టా మీది రేకు విప్పడానికే ఒక పూట.
ఆరు స్క్రూలు. అయిదు వచ్చాయి.
ఆరోది తల తెగినా
ఖాళీ చేయని అద్దెవాడిలా లోపలే కూర్చుంది.

లోపల ఇసుక.
ఒక్క తీరానిది కాదు, పైన తెల్లది,
కింద బూడిదరంగు గరుకు,
అట్టడుగున గ్రీజులో ముద్దయి నల్లబడిన
రొట్టెలవాడి పిండి.
ఒక చెవిపోగు కూడా.
నాది కాదు.
ఎవరిదని అడుగుదామంటే
అప్పటి మనిషి ఇప్పుడు లోరియాంలో
ఇంకెవరి తలుపో తోస్తున్నాడు.

రోలరు అరచేతిలో పెట్టుకుంటే
గుండ్రంగా లేదు,
సగం చీకిన పిప్పరమెంటు బిళ్ళలా ఉంది.
ఇన్నాళ్ళూ ఆ తలుపు దొర్లలేదన్నమాట,
ఈడ్చుకుంటూ వచ్చింది.

కొత్తది బొటనవేలంత.
అది వచ్చిన పెట్టెలో బూట్లు పడతాయి.
గోనెరి మోకాలే జాకీ.
"ఇంకొంచెం... ఆ... కాదు, దించు."
బిగించడం, వేసి చూడడం, వదులు చేయడం,
వెంట్రుకవాసి పైకి,
వెంట్రుకవాసి లోపలికి.
రేవులో పోటు తీసి పడవలు బురదలో ఒరిగాయి,
మేం చూసుకోలేదు.

చివరికి ఒక్క వేలితో తోశాను.
వెళ్ళింది.
డబ్బా మూత పడినట్టు
చిన్న 'టక్', అంతే.
గోనెరి చేతులు ప్యాంటుకి తుడుచుకుని
ఆ తర్వాత ప్యాంటు చూసుకున్నాడు.

శనివారం పొద్దున్నే
దుప్పట్లు, కెటిల్, రొయ్యల వల సర్ది
తలుపు తీశాను.
బిగోర్నో రాలేదు.
పద్నాలుగేళ్ళ కుక్క, కళ్ళమీద పాలపొర.
సముద్రానికి పోతున్నామని దానికి చెప్పేది
ఏనాడూ నేను కాదు,
ఆ కీచు.
గుమ్మంలో ముక్కు పాదాల మధ్య పెట్టుకుని
పడుకునే ఉంది.
ఇంట్లో ఏ బీరువానో తీశాననుకుంది కాబోలు.

అటూ ఇటూ చూశాను.
వీధిలో ఎవరూ లేరు.
తలుపు పట్టుకుని, మెల్లగా తోస్తూ,
నోటితోనే అరిచాను,
అచ్చం పాత రోలరులా
చివర్న గొంతు విరిచి.

చెవులు లేచాయి.
తోక లేచింది.
ఎదురింటి కిటికీ తెరుచుకుని
సబ్బు నురగ గెడ్డంతో గోనెరి తల బయటికొచ్చింది.
"ఇది మధ్యది కాదు" అన్నాడు,
"పైది."