ఊలు దారం

టీవీ వెనక చెయ్యి పెట్టి
సౌండ్‌బార్ దాకా గోడ వెంట
ఎర్ర ఊలు దారం పరిచి కొలిచాను.
అంతకు మించి కొనకూడదని ఒట్టు.

మా ఓతార్ ముప్పై ఏళ్ళు బృందంలో
అడుగు గొంతు పాడాడు.
పై గొంతులు ఎగురుతుంటే
కింద నేలలా ఉండే గొంతు.
కొత్త టీవీకి ఆ నేల లేదు.
"అందరూ గాల్లో వేలాడుతున్నారు" అంటాడు,
కట్టేస్తాడు.

మాల్‌లో కుర్రాడు
వెల్వెట్ పెట్టెలోంచి బంగారు పూత కేబుల్ తీశాడు,
పెళ్ళికూతురి నగలాగా.
గొంతు ఇంకా తియ్యగా వస్తుందన్నాడు.
ధర మాత్రం
తన గొంతు తగ్గించి చెప్పాడు.

టిబిలిసిలో మంచు పడుతోంది.
డ్రై బ్రిడ్జ్ సంతలో, పతకాలకీ సమోవార్‌లకీ మధ్య
జుంబేర్ దుప్పటి పరిచాడు,
పాములవాడిలా, చుట్టలు చుట్టలుగా తీగలు.
ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లైన్‌మన్.
నా ఊలు దారం చూసి నవ్వలేదు.

బంగారం మాట చెప్పాను.
"పైన పటారం" అని చేతులు ఊదుకున్నాడు.
"నా కాలపు తీగల్లో
గరగరలాడుతూ అయినా మాట చేరేది, సొట్టపడి.
వీటిలో ఒకట్లూ సున్నాలే.
చేరితే మొత్తం చేరుతుంది,
లేదా తెగుతుంది.
తీపి, ఇంకా తీపి అని ఉండదమ్మా.
పది పదిహేను మీటర్లయితే వేరే మాట.
నీది ఒకటిన్నర.
ఇంతకీ రంధ్రం ఎలా ఉంది?"

ఫోన్‌లో ఫోటో చూపించాను.
బుల్లి తలుపున్న నలుచదరపు కిటికీ.
"అయితే వెలుగు తీగ కావాలి.
మడత పెట్టకు.
వెలుగు మలుపు తిరుగుతుంది కానీ
మడతలో చచ్చిపోతుంది."

ఇంటికొచ్చి తగిలించాను.
నిశ్శబ్దం.
జుంబేర్‌నీ, వాడి ఎక్స్ఛేంజినీ,
వాడికి పాఠాలు చెప్పినవాళ్ళనీ తిట్టాను.
ఓతార్ కళ్ళజోడు పెట్టుకుని
తీగ కొసని గోరుతో గీకాడు.
ఊడింది ప్లాస్టిక్ టోపీ,
కందిగింజంత, గాజులా తెల్లగా.
ఎంత నొక్కినా ఎందుకు దిగలేదో
అప్పుడు తెలిసింది నాకు.

టీవీలో గుచ్చి, రెండో కొస
నా అరచేతికి ఆనించాడు.
ఎర్ర చుక్క.
అందులో ఆరుగురు మగవాళ్ళు
నోరు తెరిచి పాడుతున్నారంటే నమ్మబుద్ధి కాలేదు.

తర్వాత నేల వచ్చింది.
బీరువాలో గాజు గ్లాసులు ఒకదాన్నొకటి తాకాయి.
ఓతార్ పాడలేదు.
చెప్పులో బొటనవేలు మాత్రం
ఒక్కచోటే నొక్కిపట్టి ఉంచాడు,
పాట అయ్యేదాకా.

ఊలు దారం ఇంకా నా కోటు జేబులో ఉంది.
మేజోడుకి చాలదు.