నాలుగో నంబరు, పెద్దది

మొహం కంటే ముందు గొంతు వస్తుంది నా దగ్గరికి.
చెవికి తగిలించుకున్న ఈ నల్ల తీగలోంచి
టొలీడో ఊరు రాత్రంతా ఆకలంటూ ఉంటుంది.
ఒంటిగంటన్నర దాటితే డెల్బర్ట్.
చలికాలం రోడ్లకి ఉప్పు చల్లే లారీ,
ఎండాకాలం అవే రోడ్లకి గుంతలు పూడ్చే లారీ.
"నాలుగో నంబరు, సాస్ రెండు, కోలా మాత్రం డైట్‌ది, వెల్డా!"
మొదటేడు ఒక్క ఊపిరిలో అనేసేవాడు.
డైట్ అన్నచోట తనే నవ్వేవాడు.

నా వాక్యం నాకూ ఉంది.
తెర మీద పచ్చగా వెలుగుతుంది, చదవడమే నా పని:
"ఇంకో నలభై సెంట్లకి పెద్దది చేయమంటారా?"
"చెయ్యి తల్లీ, చెయ్యి."

మూడో ఏడు, "నాలుగో నంబరు" తర్వాత
చిన్న ఖాళీ.
మైకు పాడైందనుకున్నాను.
మేనేజరు వెంటపడి మార్పించాను కూడా.
ఐదో ఏడు ఖాళీలు రెండు,
సాస్ దగ్గరొకటి, నా పేరుకి ముందొకటి.
ఏడో ఏటికి నా పేరు రావడమే మానేసింది,
అంతవరకు గాలి మిగలక.

కిటికీలోంచి డబ్బులిచ్చే చేతిని చూశాను.
ఉంగరం కండలోకి కూరుకుపోయింది ముందు,
తర్వాత ఉంగరం లేదు, తెల్లటి గాడి ఉంది.
"విడిపోయారా?" అనేశాను, నోరు ఊరుకోక.
"కోసి తీశారు. ఒంట్లో నీరట."

డాక్టర్ల మాటలు నాకు రావు.
నాకొచ్చిందల్లా,
నూనె ఎన్నోసారి కాగితే నల్లబడుతుందో,
బుట్ట ఎత్తాక ఎంత ఎత్తు నుంచి ఉప్పు జల్లితే
ముక్కముక్కకీ పడుతుందో.
అతను రోడ్లకి చల్లాడు, నేను అతనికి.
ఉప్పు తిన్నవాడికి విశ్వాసం ఉండాలంటారు.
తినిపించినవాళ్లకి ఏముండాలో
ఎవరూ చెప్పిపోలేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
ఎరీ సరస్సు మీది గాలి చెవులు కోసేస్తుంటే
మైకులో చాలాసేపు ఉత్త ఊపిరి.
"ఉప్పు లేనిది... ఏదైనా... ఉందా?"

బోర్డంతా చదివాను, పైనుంచి కిందికి,
తొమ్మిదేళ్లలో మొదటిసారి, అక్షరం అక్షరం.
పిల్లల డబ్బాలో బొమ్మ పక్కన పెట్టే
ఆపిల్ ముక్కల పొట్లాలు.
ఎనిమిది వేశాను సంచిలో. బిల్లు కొట్టలేదు.
ఈసారి లారీ కాదు, చిన్న కారు,
స్టీరింగు దగ్గర వాళ్లావిడ, కోటు కింద రాత్రి బట్టలతో.
"నిద్ర పట్టదు, ఇటే తిప్పమంటాడు" అంది నాతో,
తప్పు తనదైనట్టు.
వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు
యంత్రం రక్తం కడుగుతోందట.
మా కిటికీ గడియారం
నూట ఎనభై సెకన్లు దాటితే ఎర్రబడుతుంది.
అది ఎర్రబడింది. నేను కదల్లేదు.

పార్కింగులో కారు ఆగింది. లోపల దీపం వేసుకుని
ఒక్కో ముక్కా పైకెత్తి,
అటూ ఇటూ తిప్పి చూసి,
తిన్నాడు.

ఇంటికెళ్లి లెక్కేశాను.
వారానికి నాలుగు రాత్రులు, తొమ్మిదేళ్లు.
ఆ నలభై సెంట్ల మాట అతన్ని
పద్దెనిమిది వందల సార్ల పైనే అడిగాను.
ఒక్కసారీ వద్దనలేదు,
అడిగింది నేను కదా అని.
నాకూ షిఫ్టుకో భోజనం ఉచితం.
ఏప్రాన్ తాళ్లు ముందుకి తెచ్చి ముడేసుకునేదాన్ని,
ఇప్పుడు వెనకే అయిపోతున్నాయి.

నిన్న రాత్రి కొత్త గొంతు, పడుచుది.
"నాలుగో నంబరు, సాస్ రెండు."
ఒక్క ఊపిరి. ఎక్కడా అతుకు లేదు.
తెర పచ్చగా వెలిగింది.
చదివాను. చదివాననే అనుకుంటున్నాను.
మైకు మీట మీద వేలుందో లేదో
చూసుకోలేదు.

"ఏమన్నారు?"

"ఏం లేదు బాబూ. ముందుకి రా."