సగం మైదానం

అరవై రెండులో, అడిస్ అబాబాలో
కుట్టుమిషను జెంబెరుకి పన్నెండేళ్ళు.
టికెట్టుకి డబ్బుల్లేక
ప్రహరీ బయట నీలగిరి చెట్టెక్కాడు.

అక్కణ్ణించి ఒక గోలుపోస్టే కనబడుతుంది.
రెండోదాన్ని స్టాండు మింగేసింది.

ఫైనల్లో ఈజిప్టుకి నాలుగు కొట్టాం
అంటాడు ఇప్పటికీ, సూదిలోకి దారం ఎక్కక విసుక్కుంటూ.
ఒకటి చూశాను,
మూడు విన్నాను.
విన్నవే పెద్దవి.

తరవాత కప్పు వెళ్ళిపోయింది.
చక్రవర్తీ వెళ్ళిపోయాడు.
కరువొచ్చింది, తుపాకులొచ్చాయి,
గిరాకీ లేని వానాకాలం ఏటేటా వచ్చింది,
ఆడే దేశాల జాబితాలో
మా పేరు మాత్రం ముప్ఫై ఒక్కేళ్ళు రాలేదు.

వచ్చిన రోజు
కాఫీ కొట్లో, టీవీకి మూరెడు దూరంలో
పీటేసి కూర్చోబెట్టారు.
దక్షిణాఫ్రికాలో ఆట, జాంబియాతో.
తెరనిండా మైదానం,
పోస్టులు రెండూ, గడ్డిపరకలతో సహా.

ఎడమ కంట్లో శుక్లం ముసలాడికి.

స్కోరు సమం చేసిన బంతి
ఆ పక్కనించే వెళ్ళిందట.
కొట్టంతా లేచింది,
కాఫీ కప్పులు దొర్లాయి.
జెంబెరు లేవలేదు.
ఆ కన్నూ మూసుకుని
పీట అంచుని
కొమ్మని పట్టుకున్నట్టు
పట్టుకున్నాడు.