ఒకే గురువారం

ఈ ఊళ్ళో ఒకే ప్లాటుని ముగ్గురికి అమ్మినవాణ్ణి
పోలీసులు పట్టుకుపోతారు.
నేను ఒకే గురువారాన్ని ముగ్గురికి అమ్మాను.
నన్నెవరూ పట్టుకోలేదు,
పైగా మేడమ్ అన్నారు.

కొమ్మాదిలో డాక్టరుగారి డ్యూప్లెక్సు,
పెందుర్తిలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు,
కూర్మన్నపాలెంలో రిటైరైన పెద్దాయన కట్టిస్తున్న షాపులు.
మూడింటి మధ్యా నా స్కూటీ,
హనుమంతవాక సిగ్నల్లో హెల్మెట్‌లోకి దూర్చిన ఫోను.

బయల్దేరాం అంటే ఇంకా స్నానాలు కాలేదని,
దారిలో ఉన్నాం అంటే టిఫినుకి కూచున్నారని,
మెటీరియల్ లేదంటే పాత బిల్లు రాలేదని,
మీ ఇష్టం అన్నారంటే ఇక రారని
ఏడేళ్ళలో నేర్చుకున్న భాష.
నా వైపునుంచి ఒక్కటే మాట:
చెక్కు సంతకానికి వెళ్ళింది.
దాని అర్థం వాళ్ళకీ తెలుసు.

రామ్‌నివాస్ టైల్స్ పరిచిన మర్నాడే
ప్లంబర్ దాలినాయుడు సుత్తి పట్టుకొచ్చాడు.
ఇద్దరికీ అదే బాత్రూమ్ చూపించి
ముందు నువ్వే అని చెప్పింది నేనే.
ఆ పూట వాళ్ళు రెండు భాషల్లో తిట్టుకున్నారు.
నాకు రావలసినవి కూడా
వాటిలో కలిసి కొట్టుకుపోయాయి.

సెంట్రింగ్ కూర్మారావుది టెక్కలి అవతల పల్లె.
ఆరువందల రేకులు, వాటికి సరిపడా జాకీలు,
పద్దెనిమిదిమంది మనుషులు.
రేకులన్నీ కూర్మన్నపాలెం స్లాబు కింద ఇరుక్కున్నాయి.
అక్కడ విప్పితేనే కొమ్మాదికి,
కొమ్మాదిలో విప్పితేనే పెందుర్తికి.
స్లాబు పోసి తొమ్మిది రోజులు.
తెల్లారితే గురువారం.

"విప్పేయ్ కూర్మారావ్, గట్టిపడిపోయుంటుంది."
వాట్సాప్‌లో పెట్టలేదు, నోటితోనే చెప్పాను.
అందులోనూ ఒక జాగ్రత్త ఉంది.

అతను జవాబివ్వకుండా జాకీల మధ్య వంగి నడిచాడు.
నడి బీము కింద ఆగి
రేకుకి అరచెయ్యి ఆనించాడు,
పసిపిల్లకి జ్వరం చూసినట్టు.
"స్పాను ఎక్కువ. ఇంకో నాల్రోజులు కావాల."
బిల్లు ఆపేస్తానన్నాను.
"ఆపీండి. మూడు ఆపే ఉన్నారు గదా."
కాసేపాగి, నా వైపు చూడకుండా,
"జాకీలు తీసేక దీని కింద ఇటుకలు మోసేది
మా సిన్న మరదలు" అన్నాడు.

సిమెంటుకి మొహమాటం లేదు.
ఎవరి ఫోనూ ఎత్తదు.

పైకెక్కాను.
స్లాబు మీద గట్లు కట్టి నిలబెట్టిన నీళ్ళు,
వరిమడుల్లాగే ఉన్నాయి, నాట్లు లేవంతే.
ఒక మడిలో స్టీల్‌ప్లాంటు పొగ తలకిందులుగా పోతోంది.
ఈశాన్యం మూల ఎండిపోయి తెల్లబడింది.
నా వెనకే వచ్చిన కూర్మారావు
పైపు లాక్కొచ్చి దాని నిండా నీళ్ళు వదిలాడు.
అది అతని పని కాదు.
ఎవరి పనో నా డైరీలో రాసి ఉంది.

అక్కణ్ణుంచే డాక్టరుగారికి ఫోన్ చేశాను.
గురువారం కుదరదండీ అన్నాను.
వానా, కరెంటా, ఎవరైనా పోయారా,
ఆవిడ కారణం కోసం ఆగింది.
నా నోట్లో మూడూ సిద్ధంగా ఉన్నాయి.
"రేకులు ఒక్క సెట్టే ఉందండీ.
ముగ్గురికి మాటిచ్చేశాను."
అటువైపు చాలాసేపు ఫ్యాను చప్పుడు.

పెందుర్తి ఆయన మాత్రం తిట్టాడు.
ఎన్ఏడీ దాటేదాకా చెవి కాలుతూనే ఉంది.

ఆఫీసులో కూర్మారావు బిల్లులు మూడూ
అడుగునుంచి తీసి పైన పెట్టాను.
సంతకం నాది కాదు,
పైన పెట్టడం వరకే నాది.

సోమవారం ఖాయమేనా అని ఇద్దరూ మెసేజ్ పెట్టారు.
బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు.
గోడ మీద కేలండర్లో
సోమవారం గడి తెల్లగా ఉంది.
పెన్ను మూత తీసి
మళ్ళీ పెట్టేశాను.